పట్టము - పనితనము

సాంకేతికవృత్తులలో యోగ్యతాపత్రము ముఖ్యమా, అనుభవము ముఖ్యమా యను వాదము మన యిండ్లలో తరచుగా వినవచ్చుచుండును. కుమారుడు పరీక్ష నెగ్గి సర్టిఫికెట్టు తెచ్చుకొన్న యింట కాగితమే సర్వమందురు. మేనల్లుడు కార్ఖానాలో పదియేండ్లు పనిచేసియు పైమెట్టు నెక్కలేని యింట ఆ కాగితములో నేమున్నదందురు. ఉభయులును తమ యింటి బిడ్డనుబట్టి సిద్ధాంతము చేయుదురే కాని పనిని జూచి చేయరు. ఏ పని? అందులో పొరపాటు జరిగిన ఎవరి ప్రాణము పోవును? ఈ రెండు ప్రశ్నలును వేసికొననిదే వాదము తెగదని మా యభిప్రాయము.

బొగ్గుగనులనే చూతము. 1889లో ఇల్లెందు ప్రాంతమున త్రవ్వకము మొదలైన నాటినుండి వేలకొలది తెలుగు కుటుంబములు గనిని నమ్ముకొని బ్రదికినవి గాన, ఈ యుదాహరణము మనకు పరాయిది కాదు. గనిలో దిగినవానికి శత్రువులు పెక్కు గలవు. వానిలో రెంటిని మాత్రము చెప్పుదుము. ఒకటి తలపైనున్న కప్పు. రెండవది గాలిలో గలసియుండు మీథేను వాయువు.

కప్పు సంగతి అనుభవజ్ఞుని చెవికి దెలియును. కొత్తగూడెమున పని విరమించిన యొక వృద్ధ కార్మికునితో మేమొకప్పుడు ముచ్చటించితిమి. ఇనుపకడ్డీతో కప్పును కొట్టి చూతురట. రాయి గట్టిగా నున్నచో ఖంగున మ్రోగును. పొర విడివడి యున్నచో డొల్లగా బలుకును. ఈ విద్య యెన్నాళ్లకు పట్టువడినదని యడిగితిమి. "చెవి తయారయ్యేదాక, సారూ" అని యాతడు నవ్వెను. పిమ్మట, "చెవి ఒక్కటే గాదు, రెండో చెయ్యి రాయికి ఆనించాలె. అదురు చేతికి తెలుస్తది" అని చేయెత్తి చూపెను. ఆ చేతికి తెలిసినదానిని ఏ పరీక్షాపత్రము అడుగగలదు?

ఇక మీథేను. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటె తేలిక యగుటచే కప్పునంటి నిలుచును. నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు గాలిలో గలసినప్పుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. ఇచ్చట ముప్పదియేండ్లు పనిచేసినవాని ముక్కును, నిన్న వచ్చిన పిల్లవాని ముక్కును ఒక్కటే. ఇంద్రియముల కందని యపాయమును గూర్చి అనుభవము మౌనము వహించును. అంతటితో నూరకుండినను మేలే. "ఇన్నాళ్లు ఏమియు కాలేదు గదా" యని ధైర్యము గూడ చెప్పును.

ఈ వాయువునకు విరుగుడైన దీపము పుట్టిన కథ మన వాదమున కెంతయు తగినది. 1815లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ యను రసాయనశాస్త్రజ్ఞుడు జ్వాలచుట్టును సన్నని లోహపు వలను అమర్చి యొక దీపమును చేసెను. ఆ యేటనే కిల్లింగ్‌వర్త్ గనిలో యంత్రములు బాగుచేయు జార్జి స్టీఫెన్‌సన్ వేరొక దీపమును చేసి, తానే గనిలో వాయువున్నచోటికి దానిని గొనిపోయి పరీక్షించెను. ఇతడు పదునెనిమిదేండ్లవరకు చదువనేరని వాడు. అక్షరము రాని గనివాడు ఇట్టిది కనిపెట్టెనన్న డేవీ పక్షమువారు నమ్మలేదు. డేవీకి రెండువేల పౌనుల బహుమానమును, స్టీఫెన్‌సన్‌కు నూరు గినీలును ఇయ్యజూపిరి. స్టీఫెన్‌సన్‌కును సమానమైన హక్కు గలదని పార్లమెంటు సంఘము 1833లో గాని చెప్పలేదు. ఇందొక వింత గలదు: డేవీ సైతము విశ్వవిద్యాలయమున చదివి పట్టము పుచ్చుకొన్నవాడు కాడు, ఒక వైద్యునికడ శిష్యుడుగా పని నేర్చినవాడు.

దీపము చేతికి వచ్చినంతమాత్రమున పని తీరలేదు. వత్తిని తగ్గించి చూచినప్పుడు జ్వాలపై లేతనీలపు వెలుగు టోపీవలె కన్పట్టును. దాని యెత్తునుబట్టి వాయు వెంతయున్నదో నిర్ణయింపవలెను. ఆ మసకవెలుగును గుర్తించు కన్ను మరల అభ్యాసముననే రావలెను.

అనేక ఘోరముల పిదప, 1866లో ఓక్స్ గనిలో మూడువందలకు పైగా మరణించిన పిదప, 1872లో ఇంగ్లండున గని మేనేజరునకు యోగ్యతాపత్ర ముండితీరవలెనని చట్టము వచ్చెను. అందలి యొక నియమము మాకు మిక్కిలి నచ్చినది. అప్పటికే ఆ పని నిర్వహించుచున్నవారిని ఇంటికి బంపక, వారి సేవనే ప్రమాణముగా గొని వారికి సేవాపత్రము లిచ్చిరి, పరీక్ష క్రొత్తవారికి. మన దేశమున సర్దారు పత్రము గోరువాడు ముందుగా గనిలో కొన్నేండ్లు పనిచేసి యుండవలెను. వాయుపరీక్షయందును ప్రథమచికిత్సయందును వేరుగా పత్రములు పొందవలెను. ఇట్టి పత్రమును మేము గౌరవింతుము. పని చేయనివానికి ఆరువారములలో చేతికిచ్చు పత్రమును గౌరవింపజాలము. ఈ మధ్య అనుభవమునకు సైతము పత్రములు వెలకు దొరకుచున్నవని వినుచున్నాము. రెండు పక్షములవారును సంతోషింపవచ్చును!

అనుభవమే పత్రమునకు ద్వారమైనప్పుడు, ఆ ద్వారముకడ నెవరిని ఆపుచున్నారో చూడవలసియుండును. మన గనులలో పూర్వము స్త్రీలు భూగర్భమున బొగ్గుతట్టలు మోసిరి. 1929 మొదలు క్రమక్రమముగా వారిని వెలికి బంపిరి. 1952 నాటి గనుల చట్టము ఆ నిషేధమును నిలిపెను. వారి రక్షణకొరకే యనిరి. కాని భూగర్భగనిని నడపుటకు వలయు పత్రమునకు భూగర్భానుభవము కావలెను గదా! గనిశాస్త్రమున పట్టమందిన యువతి, దిగనీయరు గాన అనుభవము లేదు, అనుభవము లేదు గాన పత్రము లేదు అను చక్రములో చిక్కుకొనెను. 2019లో వచ్చిన యాజ్ఞ పగటివేళ సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక కార్యములకై స్త్రీలను లోనికి రానిచ్చి చదువుకొన్నవారికి త్రోవ చూపెను. అడుగుమెట్టున కూలిగా చేరి, కడ్డీ పట్టి, కప్పు పలుకు విని పని నేర్వదలచిన స్త్రీకి మాత్రము ఆ యాజ్ఞలో చోటు లేకపోయెను.