పాకలో ప్యాకార్డ్

'ఫలానా ఊళ్లో, ఫలానా వారి గొడ్ల పాకలో పాత అమెరికా కారు ఉండాదంట!'

ఈ ఒక్క కబురు చాలు. పాత కార్ల పిచ్చి ఉన్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారీ తెల్లారకముందే తిరుపతిలో బస్సెక్కి చిత్తూరు దారి పడతాడు. తీరా వెళ్లి చూస్తే అది ఏ అంబాసిడరో, ఫియట్టో అయి ఉంటుంది. లేదంటే ఇంటి పెద్దాయన తాపీగా, 'ఉన్నింది సామీ... మొన్ననే పాతసామాన్లోళ్లకు ఏసేస్తిమి' అంటాడు. ఆయనగారి 'మొన్న' ముప్ఫై ఏళ్ల కిందటిది కావచ్చు!

అయినా వెతుకులాట ఆగదు. ఎందుకంటే ఎప్పుడో ఒకసారి వరిగడ్డి పక్కకు లాగితే, దుమ్ములోంచి ఓ వంపు కనిపిస్తుంది. ఎద్దుల మెడ మీద పెట్టే కాడిలాంటి వంపు. ప్యాకార్డ్ కారును పోల్చుకోవడానికి పేరు చదవక్కర్లేదు, ముందున్న గ్రిల్లు పైభాగం చూస్తే చాలు. అమెరికా వాళ్లు కూడా దాన్ని 'ఎద్దుల కాడి' అనే అంటారు. డెట్రాయిట్‌లో గీసిన ఆ గీత మన పాకలోకి ఎంత చక్కగా అమిరిందో చూడండి!

ప్యాకార్డ్ పుట్టుక వెనక ఓ తగువుంది. ఒహాయో రాష్ట్రంలోని వారెన్ పట్నానికి చెందిన జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ 1898లో వింటన్ అనే కారు కొన్నాడు. అది నచ్చక, తయారుచేసినాయన దగ్గరికే వెళ్లి తప్పులు చెప్పాడు. 'అంత తెలిసినోడివి నువ్వే చేసుకోరాదూ' అన్నాడట ఆయన. ప్యాకార్డ్ నిజంగానే చేశాడు! 1899లో మొదటి కారు బయటికొచ్చింది. 1903లో కంపెనీ డెట్రాయిట్‌కు మారింది. 1915లో పన్నెండు సిలిండర్ల కారు తెచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అమెరికాలో గొప్పింటి కారంటే ప్యాకార్డే. సోవియట్ పెద్దల కోసం మాస్కోలో తయారైన జిస్-110 కూడా దీని పోలికే.

మరి అంతటి కంపెనీ ఎలా మునిగింది? ఆర్థిక మాంద్యం రోజుల్లో బతకడానికి 1935లో చౌక మోడల్ 'వన్ ట్వంటీ' దించింది. కంపెనీ నిలబడింది గానీ, పేరులోని దర్జా కాస్త కాస్తగా కరిగింది. ఆ జాగాలోకి క్యాడిలాక్ వచ్చి కూర్చుంది. 1954లో స్టూడిబేకర్‌తో కలిసింది. 1956లో డెట్రాయిట్‌లో తయారీ ఆగింది. ఆపై రెండేళ్లు స్టూడిబేకర్ కార్లకే ప్యాకార్డ్ బిళ్ల తగిలించి అమ్మారు. 1958తో ఆ పేరూ పోయింది. తల్లి లేని బిడ్డలన్నమాట ఈ కార్లు. విడిభాగం కావాలంటే కంపెనీకి ఉత్తరం రాయడానికి కంపెనీయే లేదు.

మన వైపు దొరికే కార్ల కథంతా మద్రాసుతో ముడిపడి ఉంటుంది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లా మద్రాసులోనే ఉండేది కదా! కాబట్టి పాత కాగితాల కోసం మద్రాసు తోవే పట్టాలి. కాగితాలు లేకపోయినా, పాత ప్యాకార్డ్‌లలో ఒక చిన్న రేకు ఉంటుంది. ఇంజను వెనక అడ్డుగోడకు బిగించిన ఆ రేకు మీద కారు నంబరుతో పాటు అమ్మిన డీలరు పేరు, ఊరు, కొన్నవాడి చేతికిచ్చిన తేదీ చెక్కేవారు. 'మా తాతకు రాజావారు ఇచ్చినారు' అన్న కథ కన్నా ఆ రేకు నమ్మకమైన సాక్షి. వెతికేవాడు కారు దగ్గర మొదట చేసే పని, ఉమ్ము తడి చేసిన వేలితో ఆ రేకును రుద్దడమే.

తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరిచారు. యుద్ధం వల్ల అమెరికాలో మామూలు కార్ల తయారీ 1942 ఫిబ్రవరిలోనే నిలిచిపోయింది. ప్యాకార్డ్ వాళ్లు అప్పటికి యుద్ధ విమానాల ఇంజన్లు చేస్తున్నారు. అంటే ఆ కొత్త రోడ్డు మీద మొదట్లో మరిగే రేడియేటర్‌కు నీళ్లు పోసుకుంటూ కొండెక్కిన అమెరికా కార్లన్నీ యుద్ధానికి ముందువే!

ఆ తర్వాత కష్టకాలం. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. దిగుమతుల మీద కట్టడి వచ్చింది. బొంబాయిలో కార్లు బిగించే జనరల్ మోటార్స్ 1954లో తలుపులు మూసింది. ఇక సామాన్లు ఎక్కణ్నుంచి వస్తాయి? పైగా ఎనిమిది సిలిండర్లూ పెట్రోలును మంచినీళ్లలా తాగుతాయి. అప్పుడు రంగంలోకి దిగాడు మన మెకానిక్. పొడవాటి పెట్రోలు ఇంజను పీకేసి, పెర్కిన్స్ డీజిల్ ఇంజనో, జీపుదో బిగించాడు. బానెట్టు కింద ఇంకో మనిషి పడుకునేంత జాగా మిగిలింది. పోతే పోయింది, బండి కదిలింది! పెళ్లిళ్లకు బాడుగకు తిరిగింది. కదిలింది కాబట్టే తుక్కులోకి వెళ్లకుండా మిగిలింది.

అసలు పేచీ ఇక్కడే ఉంది. 2021 జులైలో కేంద్రం పాత బండ్ల రిజిస్ట్రేషన్‌కు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. షరతు ఏమిటంటే, బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. షరతు సబబే. కానీ ఏ మార్పు కారును బతికించిందో, అదే ఇప్పుడు దాని మీద నేరమైంది!

కాబట్టి బాగుచేయించేవాడికి రెండే దార్లు. డీజిల్‌తోనే ఉంచుకుని ఇంటి ముందు మురిపెంగా చూసుకోవడం. లేదా అసలు ఇంజను కోసం అమెరికాలోని ప్యాకార్డ్ అభిమానుల సంఘాలను ఆశ్రయించి, ఓడలో తెప్పించి, ఆర్సీలో మార్పుకు రవాణా శాఖ మెట్లెక్కడం. రెండో దారికి డబ్బుతో పాటు ఏళ్లూ పోయాలి.

పనిలో దిగాక తెలుస్తుంది తమాషా. సీమ ఎండ ఈ కార్లకు మేలే చేసింది. సముద్రపు ఉప్పుగాలికి తినేసే తుప్పు ఇక్కడ తక్కువ. రేకు గట్టిగానే ఉంటుంది. సీట్లు ఎలుకలవి, లోపలి చెక్క చెదలది. టింకరింగు చేసేవాడు లప్పం పొరలు గీకుతూ పోతే నాలుగు రంగులు బయటపడతాయి. అట్టడుగుది అసలు రంగు. లేతు మిషన్ దగ్గర బుష్‌లు తిప్పిస్తారు, రాగి రేకుతో గాస్కెట్ కోయిస్తారు. చిల్లర సామాన్ల కోసం చెన్నై పుదుపేట సందుల్లో తిరుగుతారు. కరెంటు పని మాత్రం కాస్త చూసుకోవాలి. 1955కు ముందు ప్యాకార్డ్‌లది ఆరు వోల్టుల బ్యాటరీ, ప్లస్ వైరు బాడీకి తగిలించాలి. అలవాటు కొద్దీ మన ఎలక్ట్రీషియన్ మైనస్ తగిలించాడో, పొగే! ఇక ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు దానికి ఆగవు, అవీ మార్చాల్సిందే.

అన్నీ కుదిరి ఎనిమిది సిలిండర్లు వరసగా అందుకున్న రోజున షెడ్డులో పెద్ద చప్పుడేమీ ఉండదు. అది అంత మెత్తగా తిరుగుతుంది. డీజిల్ మోతకు అలవాటుపడ్డ ముసలి మెకానిక్‌కు అనుమానమొచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి చూస్తాడు.

మూలన పడ్డ డీజిల్ ఇంజన్ని ఎవరూ తుక్కుకు వేయరు. దానికి ఇంకా దమ్ముంది. బెల్లం సీజన్‌లో ఏ చెరకు గానుగ దగ్గరికో చేరుతుంది.