పూడిపోయిన బావులు

ధ్యానభాగములు: ఆదికాండము 26:12–22, నెహెమ్యా 3వ అధ్యాయము

ఇస్సాకు జీవితములో గొప్ప యుద్ధములు లేవు, గొప్ప ప్రయాణములును లేవు. వేదపాఠశాలలో మా గురువులు అబ్రాహామునకు ఒక నెల, యాకోబునకు ఒక నెల ఇచ్చి, ఇస్సాకును రెండు దినములలో ముగించిరి. ఆయన చేసిన పని యేమనగా, తండ్రి కాలమున త్రవ్వబడి ఫిలిష్తీయులచేత మంటితో పూడ్చబడిన బావులను మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేళ్లనే వాటికి తిరిగి పెట్టుట. ముప్పది ఏండ్ల పరిచర్యలో ఈ భాగముమీద నేను రెండు మారులకంటె ఎక్కువ ప్రసంగించినట్టు జ్ఞాపకము లేదు. క్రొత్త బావి త్రవ్వించినవాని పేరు బండమీద చెక్కుదురు. పాతబావిలో మన్ను ఎత్తినవానిని ఎవరు తలంతురు?

2019వ సంవత్సరము మే నెలలో న్యూయార్కు పట్టణమున నున్న నా మేనల్లుని యింటికి వెళ్లితిని. అతడు బ్రాంక్సు అను భాగములో ఒక ఆసుపత్రిలో పని చేయుచున్నాడు. న్యూయార్కు అనగానే ఆకాశమునంటు మేడలే మనకు తోచును. బ్రాంక్సులో అతడున్న దక్షిణ భాగము అట్టిది కాదు. కష్టపడి బ్రదుకు బీదలు అక్కడ అధికము. ఒక శనివారము ఉదయమున అతడు, "మామయ్యా, ఇవాళ మా చర్చివాళ్లు నది దగ్గరికి వెళ్తున్నారు, వస్తారా?" అనెను. నది దగ్గరకనగా బాప్తిస్మములేమో యని తలంచి తెల్లచొక్కా తొడుగుకొని బయలుదేరితిని. అక్కడ నా చేతికి బైబిలు ఇయ్యలేదు. తోలు చేతితొడుగులును ఒక పారయు ఇచ్చిరి.

ఆ బ్రాంక్సు నది పొడవు సుమారు 38 కిలోమీటర్లు. మన కృష్ణ ప్రక్కను అది పిల్లకాలువ. అయినను ఆ మహాపట్టణములో మంచినీటి నది అనదగినది అదియొక్కటే. వెనుకటి శతాబ్దములలో దానిమీద మరలు కట్టిరి. ఒడ్డున రైలుమార్గము వేసిరి. కర్మాగారములు తమ మడ్డిని, ఊళ్లు తమ మురుగును దానిలోనికి వదలిరి. ఎగువను పట్టణపు త్రాగునీటికై కట్టిన కెన్సికో ఆనకట్ట దాని నీటిలో కొంత ఆపివేసెను. తుదకు అది పాత కార్లును టైర్లును పారవేయు గుంటయైపోయెను.

1974లో ఆ ప్రాంతపు ప్రజలు కొందరు కలిసి చెత్త ఎత్త మొదలుపెట్టిరి. ఆ పనికై తన గుమాస్తా ఉద్యోగమును విడిచివచ్చిన స్త్రీ పేరు రూతు ఆండర్‌బర్గు. రూతు అను పేరుగలవారికి ఇతరులు విడిచినదానిని ఏరుట అలవాటేమో!

నా మనస్సును మరి యెక్కువగా పట్టుకొన్నది ఇంకొక సంగతి. 1992లో అక్కడి ఒక కతోలిక సంఘము మత్తుమందులు అమ్మువారిని ఎదిరించినందున ఆ దేవాలయమునకు నిప్పు పెట్టబడెను. జనులు భయపడి తలుపులు వేసికొనక వీధులలో ఊరేగింపుగా నడచిరి. ఆ పేటలో పుట్టి, చదువుకొని పైకి వెళ్లిపోయిన అలెక్సీ టారెస్ ఫ్లెమింగ్ అను యౌవనస్త్రీ అది చూచి తిరిగి వచ్చి, 1994లో సమాధానము, న్యాయము అను మాటలను తన పేరులోనే పెట్టుకొన్న యౌవనుల పరిచర్యను స్థాపించెను. నది ఒడ్డున 1987లో మూతపడిన కాంక్రీటు కర్మాగార మొకటి యుండెను. ఆ స్థలము మా పిల్లలకు కావలెనని ఈ యౌవనులును ఇరుగుపొరుగు సంఘములవారును ఏండ్ల తరబడి అడిగిరి. 2009లో అది ఉద్యానవనమాయెను. ఆ పాత ఇనుప గోతాములను కూల్చక అట్లే నిలిపి యుంచిరి. క్రింద నీటి అంచున, పూర్వము అక్కడ సహజముగా పెరిగిన ఉప్పునీటి గడ్డిని నాటిరి.

మేము ఆ దినమున చేసిన పని జపాను నాట్‌వీడ్ అను మొక్కను పీకుట. చూచుటకు వెదురువలె నుండును. పూర్వము ఎవరో తోటల అందముకొరకు తెచ్చిరట. దాని వేరు తునక చిటికెనవ్రేలంత మిగిలినను మరల మొలచును. అది పెరిగిన చోట మరేదియు పెరుగనియ్యదు. శీతకాలమున పైభాగము ఎండిపోగా ఒడ్డు బోసిపోయి మన్ను నీటిలోనికి జారును. ఆ నేలకు చెందిన చెట్ల వేళ్లైతే ఒడ్డును పట్టుకొనును. వాటి ఆకులను అక్కడి పురుగులు తినును. ఆ పురుగులను పక్షులు తమ పిల్లలకు పెట్టును. దేవుడు కట్టిన ఈ బల్లమీద పరదేశపు మొక్క కూర్చుండునేగాని ఎవరికిని వడ్డింపదు.

నా ప్రక్కను పని చేయుచున్న ఒక వృద్ధురాలు, నల్లజాతి సహోదరి, నేను పైపైన కోయుచుండుట చూచి నవ్వి, "పాస్టరు గారూ, పాపం గురించి ప్రసంగించేవారు వేరు దాకా త్రవ్వరా?" అనెను. సిగ్గుపడి పార లోతుగా దింపితిని.

ఆమెయే నాకు చేపల సంగతి చెప్పెను. మన గోదావరిలో పులస సముద్రమునుండి యెదురీది గ్రుడ్లు పెట్ట వచ్చును గదా. దానికి దూరపు బంధువైన ఏల్‌వైఫ్ అను చేప ఈ నదిలోనికి ఆలాగే వచ్చుచుండెడిదట. ఆనకట్టలు కట్టిన తరువాత వందల ఏండ్లు రాలేదు. 2006లో వేరే రాష్ట్రమునుండి తెచ్చి ఇక్కడ విడిచిరి. 2009లో కొన్ని సముద్రమునుండి తిరిగి వచ్చెను. 2007లోనైతే ఎవరును తేకుండనే బీవరు వచ్చెను. అది పండ్లతో చెట్లు కొరికి నీటికి అడ్డుకట్టలు కట్టు జంతువు. దాని చర్మపు వ్యాపారముతోనే ఆ పట్టణము వృద్ధిపొందినందున పట్టణ ముద్రికమీద దాని బొమ్మ యున్నది గాని, రెండువందల ఏండ్లకు పైగా ఆ పట్టణములో ప్రాణముతో నున్న బీవరును ఎవరును చూడలేదు. పని యింకను ముగియలేదు. పెద్ద వర్షము పడిన దినమున నేటికిని మురుగు ఆ నదిలో కలియుచున్నది. ఆమె దానిని దాచలేదు.

పిమ్మట, "మీ ఊళ్లో నది ఉందా?" అని అడిగెను. "వాగు ఉంది," అంటిని. "ఎలా ఉంది?" అనెను.

నేనేమి చెప్పుదును? మా మిషనరీలు మా తాతలకు బాప్తిస్మమిచ్చినది ఆ వాగులోనే. ఒడ్డున కానుగ, నేరేడు, మొగలి పొదలు నా చిన్ననాట చూచితిని. ఇప్పుడు ఒడ్డంతయు సర్కారు తుమ్మ, నీరంతయు గుర్రపుడెక్క. వాగు చెడిపోయినదని 2004లో గుడి ఆవరణములో సిమెంటు తొట్టి కట్టించినవాడను నేనే. దానిని గొప్ప పరిచర్యగా నివేదికలో వ్రాసితిని. ప్రతి క్రిస్మసు విందు తరువాత మా ప్లాస్టికు గ్లాసులు, విస్తళ్లు వెళ్లునది ఆ వాగులోనికే. ఫిలిష్తీయులు మన్ను పోసిరని చదువుచు, నా చేతిలో గంపను చూచుకొనలేదు.

ఊరికి తిరిగి వచ్చి మరుసటి ఆదివారము ఈ సంగతి చెప్పి, శనివారము అందరము వాగు దగ్గరకు రావలెనని పిలిచితిని. ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ పెద్దలలో వృద్ధుడొకడు నన్ను ప్రక్కకు పిలిచెను. "అయ్యగారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా నాయన, మా తాత ఈ ఊరి మురికి ఎత్తి ఎత్తి నడుములు వంచుకున్నారు. చచ్చిన గొడ్డును ఈడ్చింది వాళ్లే. సువార్త వచ్చాక గదా ఆ పని నుంచి లేచాం. ఇప్పుడు ఊరంతా పోసిన చెత్తను మళ్లీ మా పేటవాళ్లే ఎత్తాలా? ఊరు చూసి నవ్వదా?"

వేదపాఠశాలలో నేర్చిన హెబ్రీ, గ్రీకు భాషలు నాకు ఆ క్షణమున అక్కరకు రాలేదు. ఆయన చెప్పినది నిజము. న్యూయార్కులోని ఆ సహోదరి ముత్తాతలును బానిసలుగా మోసినవారే అయియుందురు. ఆమె పార పట్టుకొన్నది మా నది అని చెప్పుటకు. అయినను ఆ మాట ఆయనకు చెప్ప నాకు నోరు రాలేదు. ఆ రాత్రి నెహెమ్యా మూడవ అధ్యాయమును తీసితిని. పేళ్ల పట్టికయని మనము దాటిపోవు అధ్యాయమది. గోడ కట్టుటకు మొదట లేచినవాడు ప్రధాన యాజకుడు. అనేకులు తమ తమ ఇంటి యెదుటి భాగమును కట్టిరి. తెకోవీయుల అధికులు మాత్రము మెడ వంచలేదు. ఆ సంగతియు పేరుతో వ్రాయబడియున్నది.

కాబట్టి శనివారము ఎవరిని పిలువలేదు. కొడవలి తీసికొని, మా గుడి వెనుక మా విస్తళ్లు పడిన చోటికి నేనును నా భార్యయు వెళ్లితిమి. రెండవ శనివారము యౌవనులు నలుగురు వచ్చిరి. మూడవ వారము నేను పైవీధికి వెళ్లి పంచాయతీవారిని అడిగితిని: మీ వీధి కాలువ కలియు చోటు మీది, దానిని మీరే చూడవలెను అని. వారిలో ఇద్దరు మొగము త్రిప్పుకొనిరి. బడి పంతులుగారు మాత్రము తన పిల్లలతో వచ్చి, పంచె ఎగగట్టి మోకాటిలోతు నీటిలో దిగి గుర్రపుడెక్క లాగిరి. పైవీధి మనిషి ఆ నీటిలో దిగుట మా పేటవారు గట్టున నిలిచి చూచిరి.

పెద్దాయన ఆ దినమున దూరముగా కల్వర్టు గోడమీద కూర్చుండెను. పని ముగించి పైకి వచ్చుచుండగా నన్ను కేకవేసి, "అయ్యగారూ, మొగలి పొద అక్కడ కాదు. ఆ వంపు దగ్గర ఉండేది. పిలకలు మా చెల్లెలి ఊళ్లో ఉన్నాయి, తెప్పిస్తాను," అనెను.