అనంతగిరి నుండి తాండూరు దాక: కంటి ఆహారము, నోటి ఆహారము

వికారాబాదు మీదుగా అనంతగిరికి, అచ్చట నుండి తాండూరుకు యాత్ర సంకల్పించిన భక్తులు సాధారణముగా రెండు ప్రశ్నలు అడుగుచుందురు. ఏమేమి చూడవలెను? ఎక్కడ భుజింపవలెను? మొదటిది కాలక్షేపమునకు, రెండవది ఉదరమునకు సంబంధించినవని వారి భావన. శాస్త్రదృష్టిలో ఈ రెండును ఒకే ప్రశ్న.

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున, సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశము చివర, ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని బోధింపబడినది. ఆహారమనగా నేమి? ఇంద్రియముల ద్వారా లోనికి కొనిరాబడు శబ్దాది విషయముల జ్ఞానమే ఆహారమని శంకర భగవత్పాదులు భాష్యమున వ్యాఖ్యానించిరి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున పూర్వాచార్య వాక్యమును ఆదరించి, జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని అన్నము వలన కలుగు దేహశుద్ధిని సాధనకు తొలిమెట్టుగా చూపిరి. ఒకరి దృష్టి కన్ను, చెవి మీద. మరొకరి దృష్టి విస్తరి మీద. ఇంటిలో నున్నవాడు ఒకరితో సరిపుచ్చుకొన్నను, యాత్రికునకు ఇద్దరును అవసరమే.

సికింద్రాబాదు నుండి వాడి దిక్కునకు పోవు రైలుమార్గమున వికారాబాదు జంక్షను కలదు. అచ్చటికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరమున అనంతగిరి. ఆదివారము వెళ్లక, మరొక దినమున ప్రాతఃకాలమున చేరుట మేలు. కార్తిక పూర్ణిమకు పెద్ద జాతర జరుగును. జనసమ్మర్దమునకు ఓర్వగలవారికి అదియు ఒక దర్శనమే. శ్రీ అనంతపద్మనాభస్వామి గుహాలయము మార్కండేయ మహర్షి తపోభూమియని స్థలపురాణము. ఆయన ప్రతిదినము గుహామార్గమున కాశికి పోయి గంగాస్నానము చేసి వచ్చెడివాడనియు, ఒక ద్వాదశినాడు వెళ్లజాలకపోగా స్వామియే గంగను ఇచ్చటికి రప్పించెననియు పెద్దలు చెప్పుదురు.

దర్శనమైన వెంటనే ఛాయాచిత్రములకై కొండ అంచునకు పరుగిడువారే ఎక్కువ. అట్లుగాక కొంతసేపు కూర్చుండి ముచుకుందుని కథను స్మరించుట యుక్తము. మూసీ నది ఈ కొండలలోనే పుట్టుచున్నది; దానికి ముచుకుంద నది యని నామాంతరము. భాగవత దశమస్కంధమున ఆ రాజర్షి వృత్తాంతము ప్రసిద్ధము. దేవతల పక్షమున చిరకాలము యుద్ధము చేసి అలసి, వరముగా నిద్రను మాత్రము కోరి గుహలో శయనించెను. శ్రీకృష్ణుని తరుముకొనుచు వచ్చిన కాలయవనుడు, నిద్రించువాడు కృష్ణుడే యని భ్రమించి కాలితో తన్నెను. ముచుకుందుడు కన్నులు తెరచి చూడగా యవనుడు భస్మమాయెను. అటుపిమ్మట ఆ కన్నులకే పరమాత్మ గోచరించెను. ఒకే కన్ను, ఒకే గుహ, ఒకే ఉదయము. కృష్ణుడు వరమిత్తునన్నను ఆ రాజు పాదసేవను తప్ప మరేమియు కోరలేదు. అతడు స్వామి పాదములు కడిగిన జలమే ఈ నదియైనదని ఇచ్చటివారి నమ్మకము.

ఆ జలము ఇప్పుడెట్లున్నది? అనంతగిరిలో చినుకు పడిన నీరు గండిపేటకు, అనగా 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు జలాశయమునకు చేరును. ఆదివారము సాయంకాలమున వాగుల ప్రక్కన సీసా పగులగొట్టి, ప్లాస్టిక్ సంచిని విడిచిపోవు నగరవాసి, తన ఊరి నీటి పుట్టుకను తానే మైలపరచుచున్నాడు. పాదోదకమును శిరమున జల్లుకొను జాతి ఇట్లు చేయుట వింత.

నార్వే దేశమున కుమారుని యింటికి వెళ్లివచ్చిన వృద్ధ దంపతుల సంగతి ఒకటి ఇచ్చట చెప్పదగియున్నది. మంచునదులు వేలయేండ్లు కొండలను తొలువగా ఏర్పడిన లోతైన లోయలలోనికి సముద్రము చొచ్చుకొనివచ్చిన చోటులను అచ్చట ఫియోర్డులందురు. గైరాంగర్, నేరోయ్ అను రెండు ఫియోర్డులు 2005లో ప్రపంచ వారసత్వ స్థలములైనవి. ఓడలో చేపల వంటకములే ఎక్కువగుటచే ఆమె ఇంటినుండి తెచ్చుకొన్న అటుకులు, పెరుగన్నముతో దినము గడిపినది. ఆయన మాత్రము రోజంతయు మాటలాడక నీటినే చూచుచుండెనట. స్వదేశమునకు వచ్చిన తరువాత మనుమనితో అనంతగిరికి రాగా, ఆ బాలుడు వాగు ఒడ్డున నిలిచి, “తాతా, ఈ నీళ్లు తాగొచ్చా?” అని అడిగెను. తాత బదులు చెప్పక, ఉత్తరీయము కొంగులో గాజుపెంకులు ఏరుట మొదలిడెను. కొంతసేపటికి, “అక్కడ నీళ్లని దేవుడనరు నాయనా” అని మాత్రము అనెను. మధ్యాహ్నము వారికి బుగ్గ రామలింగేశ్వరమునకు పోవుటకు వీలు చిక్కలేదు.

బుగ్గ తప్పక చూడదగినది. నిరంతరము ఊరు ఊటయే అచ్చటి తీర్థము. పడమటి దిశలోని కోటుపల్లి జలాశయమున పడవ నడుపు సౌకర్యము కలదు. పిల్లలకు సంతోషము, పెద్దలకు ఒడ్డున సంధ్యావందనమునకు అనుకూలము. దామగుండము రామలింగేశ్వరునకు మ్రొక్కు గలవారు ముందుగా విచారించుకొని బయలుదేరవలెను. ఆ అరణ్యమున నౌకాదళ సమాచార కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది.

ఇక భోజనము. కార్తికమున ఉసిరిచెట్టు నీడన వనభోజనమునకు మించినది లేదు. పులిహోర, దద్ధ్యోదనము మూతగల పాత్రలలో తెచ్చుకొనవలెను, కోతులు మిక్కుటము. వానికి బిస్కెట్లు విసరుట దయ కాదు, అడవిలోని పండ్లను మరపించుట. శరత్కాలమున దారి ప్రక్కన గంపలలో అమ్ము సీతాఫలములు కొనుడు. అవి నైవేద్యమునకు తగినవి, కడుపునకు చలువ. భోజనశాలకు పోవువారు ఉల్లి, వెల్లుల్లి లేని వంటను ముందే అడుగుట జాతిదోష పరిహారము. శుభ్రముగా వండునట్టి చోటును ఎంచుకొనుట నిమిత్తదోష పరిహారము. ఆశ్రయదోషమను మాటను పట్టుకొని వడ్డించువాని పుట్టుకను విచారించువారు కొందరున్నారు. దోషము స్వభావమున చూడవలసినది. తల్లివలె పిలిచి వడ్డించు వంటావిడ చేతి జొన్నరొట్టె నిస్సంశయముగా పవిత్రము.

తాండూరు వికారాబాదునకు పడమట, కర్ణాటక సరిహద్దున నున్నది. దాపున కాగ్నా నది పారుచున్నది. భావిగి భద్రేశ్వరుని ఆలయము, ద్వాదశ జ్యోతిర్లింగములను ప్రతిష్ఠించిన భూకైలాసము దర్శనీయములు. నాపరాతి గనులను కూడ చూడవలెను. నీలము, పసుపు వన్నెల రాయి తాళపత్ర గ్రంథమువలె పొరలు పొరలుగా పేర్చబడియుండును. ఎన్నో దేవాలయముల మంటపములలో భక్తులు సాష్టాంగపడుచున్నది ఈ రాతిమీదనే. పడువానికి దాని ఊరు తెలియదు. అంచున జాగ్రత్తగా నిలిచి చూడుడు. పనివారి ముఖములమీది తెల్లని ధూళిని కూడ చూడుడు, అదియు కంటి ఆహారములోనిదే.

ఆ సున్నపురాతి నేలలోనే తాండూరు కంది పండుచున్నది. ఈ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పప్పు త్వరగా ఉడుకును, రుచి అధికము, చాలకాలము నిలువయుండును. పసుపు, ఇంగువ, చిటికెడు ఉప్పు, పైన నేయి చాలును. జొన్నరొట్టె, పల్లిపొడి తోడైనచో అతిథికి వేరొక వంటకము అక్కరలేదు. కొత్త పంట పుష్యమాసము నాటికి అంగడికి వచ్చును. మెరుగుకై నూనె పట్టించినది గాక, పైన కొంచెము మసక గల పప్పునే అడిగి తీసికొనుడు. గుడ్డసంచి వెంట ఉంచుకొనుడు.