వంటగట్టు

మన గృహములలో రాతికిని స్త్రీకిని గల చుట్టరికము నేటిది కాదు. పెండ్లినాడే వధువుచేత సన్నికల్లు తొక్కింతురు. పిమ్మట రోలును, తిరుగలియు నామె చేతికి వచ్చును. ఇప్పుడవి పెక్కిండ్ల మూలలకు జేరినవి. నడుమెత్తు వంటగట్టు వాని స్థానము నాక్రమించినది. దినమునకు పలుమారులు దాని నానుకొని నిలుచు మనము అది యెట్లు తయారగునో తెలిసికొనుట మంచిది.

ఈ నడుమ మాయింట క్రొత్తగట్టు వేయించితిమి. చీమకుర్తి నల్లరాతిని ఎన్నుకొంటిమి. ఒంగోలునకు చేరువనున్న ఆ యూరి గనులలో లభించు నల్లని శిలయందు బంగారు రజను చల్లినట్లు చుక్కలు మెరయును. అవి బంగారము కాదు. బ్రాంజైటు అను ఖనిజపు పలుకులు. అంగడిలో దీనిని గ్రానైటందురు గాని, భూగర్భశాస్త్రజ్ఞులు గాబ్రో జాతిలో జేర్తురు. చలువరాయి చూపునకు సొంపైనదే. కాని సున్నపుజాతిది యగుటచే నిమ్మరసమో, చింతపులుసో పడినచోట నిగ్గు తరిగిపోవును. పచ్చళ్లు నూరుకొను ఇండ్లకు నల్లరాయియే మేలు.

మేస్త్రి తన వాడుక చొప్పున గోడపై ఎత్తు గుర్తించబోగా మా అత్తగారు వారించి, "నీ కొలతకు గాదు నాయనా, వండేవాళ్ల కొలతకు ఉండాలి" అనిరి. చేయి మడచి నిలిచినప్పుడు మోచేతికి 4, 5 అంగుళములు దిగువగా గట్టున్నచో నడుము వంగదు, భుజము లేవదు.

గోడల పూతయు, క్రింది అరలును ముగిసిన పిదపనే తుదికొలతలు తీయవలయును. గోడల మూలలు మూలమట్టమునకు సరిపడుట అరుదు గావున, మేస్త్రి గట్టు ఆకారమును అట్టతో కత్తిరించి, దానిని 20 మిల్లీమీటర్ల మందముగల పలకపై పరచి గీత గీసెను. సింకు కొరకు కోసిన ఖాళీయొక్క మూలలను గుండ్రముగా జేయించెను. మూల పదునుగా నున్నచో చీలిక అచ్చటనే పుట్టును. పలకను వెల్లకిల మోసినచో తన బరువునకే విరుగవచ్చును. అంచుపై నిలిపియే మోయవలెను. కడపబండల ఆధారముపై సిమెంటు పరచి, దానిపై పలకను గూర్చుండబెట్టి, రసమట్టముతో సరిచూతురు. ముందరి అంచు అడుగున సన్నని గాడి తీసినచో, జారిన నీరు అరలలోనికి ప్రాకక క్రిందికి రాలును.

అంచులు నున్నచేయు వేళ కుర్రవాడొకడు మా వాకిట పొడిగా యంత్రము నడిపెను. క్షణములో వాడు బూడిద పూసికొన్నట్లయ్యెను. ముక్కునకు చేతిరుమాలొక్కటే రక్ష! రాతిదుమ్ములోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తులలో జేరి సిలికోసిస్ అను వ్యాధిని గలిగించును. దానిని నయముచేయు మందు లేదు. నల్లరాతిలో ఆ సిలికా తక్కువయే. కాని ఆ కుర్రవాడు రేపు తెల్లగ్రానైటును, ఎల్లుండి కృత్రిమశిలను గోయును. కృత్రిమశిలలలో అది నూటికి 90 పాళ్లకు మించియు ఉండవచ్చును. ఆ కారణముననే ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి అట్టి పలకలను నిషేధించినది.

"నీటితో నడిచే యంత్రం లేదా?" యని అడిగితిమి.

"కొట్లో ఉందమ్మా. కానీ పలకలు మళ్లీ మోసుకెళ్లాలి. రెండు రోజులు పోతాయి, బండి కిరాయి కూడా పడుతుంది" అని మేస్త్రి గొణిగెను.

మరునాడు మాయింట వ్రతము, చుట్టములు రానున్నారు. మేము అత్తగారి మొగము చూచితిమి. ఆమె కొంత తడవూరకుండి, "పిల్లవాడి ఊపిరి కన్నానా? పెరట్లో పొయ్యి పెట్టుకుందాం. కిరాయి మేమిస్తాం, తీసుకెళ్లు" అనిరి. వ్రతమునాటి పులిహోర పెరటిపొయ్యి మీదనే అయినది.

సోదరీమణులారా! పలక రంగును, ధరను అడుగునప్పుడే, "ఎక్కడ కోస్తారు? నీళ్లతో కోస్తారా?" అని కూడ అడుగుడు. ఆ కుర్రవాడు తనకై అడుగలేడు, అడిగినను వినువారుండరు. సొమ్ము చెల్లించువారి మాట మేస్త్రి వినక తప్పదు.