అమ్మమ్మ అల్మారా

పిల్లలూ! మీ ఇంట్లో ఏదో ఒక మూల పాత కుర్చీయో, కాళ్లు కదిలే బల్లయో, తలుపు సరిగా పట్టని అల్మారాయో ఉండే ఉంటుంది. పండుగ దగ్గర పడగానే పెద్దవాళ్లు దాని కేసి చూసి, "దీన్ని తీసి పారెయ్యాలి," అంటారు. మీకేమో దానికి ఇంత రంగు పూసి కొత్తదానిలా చెయ్యాలని ఉబలాటంగా ఉంటుంది. మీ వయసులో నాకూ అలాటి ఉబలాటమే కలిగింది. దాని వల్ల ఏం జరిగిందో చెబుతాను, వినండి.

మా అమ్మమ్మది జగిత్యాల. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. సిరిసిల్ల నేతపనికి పేరుపడ్డ ఊరు. మా చిన్నమామయ్య అక్కడ మేనమామల ఇంట్లో ఉండి మగ్గం పని నేర్చుకున్నాడు. తరవాత ఆ ప్రాంతపు నేతగాళ్లు చాలామంది వెళ్లినట్టే, అతనూ బతుకుతెరువు కోసం మహారాష్ట్రలోని భీవండికి వెళ్లిపోయాడు. మళ్లీ ఏడాదికొకసారి, దసరాకే రావటం.

అమ్మమ్మ గదిలో ఒక టేకు అల్మారా ఉండేది. దీపపు పొగా, చేతుల జిడ్డూ పట్టి అది నల్లగా అయిపోయింది. ఒక తలుపు నేలను రాసుకునేది. గది గోడలు కూడా పెచ్చులు ఊడి ఉండేవి. పగలు కూడా ఆ గది చీకటిగా ఉండేది.

నాకు పదేళ్లప్పుడు దసరా సెలవులకు జగిత్యాల వెళ్లాను. పండుగ ఇంకా వారం ఉంది. అమ్మమ్మ వేములవాడ రాజన్న దర్శనం చేసుకుని, అటునుంచి సిరిసిల్ల వెళ్లి, పుట్టింట్లో ఒక రాత్రి ఉండి వస్తానని బయలుదేరింది. ఇంటి తలుపులకు వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా నా కళ్లబడింది. పక్కనే కాస్త లప్పం కూడా ఉంది. అమ్మమ్మ తిరిగి వచ్చేసరికి అల్మారాను కొత్తది చేసి, ఆమెను ఆశ్చర్యపరచాలనుకున్నాను.

అల్మారా పక్క చెక్క మీద ఎవరో కత్తితో గీసినట్టు అయిదు గీతలున్నాయి. అవి దెబ్బలనుకున్నాను. గరుకు కాగితంతో రుద్దాను. రుద్దినా పోని వాటిలో లప్పం కూరాను. ఆపైన రెండు పూతలు రంగు వేశాను. అల్మారా తళతళ మెరిసింది.

మర్నాడు సాయంత్రం అమ్మమ్మ వచ్చింది. ఆమెకు చూపు అప్పటికే మందగించింది. "రంగు వాసన వస్తున్నదేమి?" అంటూ గదిలోకి పోయి, అల్మారా మీద చెయ్యి వేసింది. "మంచిగున్నది బిడ్డా," అన్నది. కాని ఆమె చెయ్యి అక్కడ ఆగలేదు. పక్క చెక్క మీద కిందినుంచి పైకి, పైనుంచి కిందికి రెండుసార్లు తడిమింది.

"గీతలేడ పోయినయి బిడ్డా?" అని అడిగింది.

నాకు అప్పుడు తెలిసింది. చిన్నమామయ్య చిన్నతనంలో మా తాతయ్య అతన్ని ఆ అల్మారాకు ఆనించి నిలబెట్టి, ఎంత ఎదిగాడో చూసి కత్తితో గీత పెట్టేవాడట. తాతయ్య పోయాడు. మామయ్య భీవండిలో ఉన్నాడు. అమ్మమ్మ రోజూ పడుకోబోయే ముందు ఆ గీతలను చేత్తో తడిమేదట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

అమ్మమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోనీ, నేను వేసిన రంగయినా నిలిచిందా? అదీ లేదు. మూడో రోజుకు గోరు తగిలితే చాలు, పెచ్చు పెచ్చుగా ఊడి రావటం మొదలుపెట్టింది. పెద్దమామయ్య చూసి, "దీన్ని కట్టెల కింద కొట్టించి, ఇనుప బీరువా కొందాం," అన్నాడు. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చింది.

ఆ సమయంలో పక్కింట్లో తలుపులు బిగించటానికి కోరుట్ల నుంచి ఒక వడ్లాయన వచ్చి ఉన్నాడు. కోరుట్ల జగిత్యాలకు పడమరగా, నిజామాబాదు పోయే దారిలో ఉంటుంది. అమ్మమ్మ అతన్ని పిలిపించింది. అతను అల్మారాను వేలి కణుపులతో అక్కడక్కడా కొట్టి చప్పుడు విన్నాడు. ఉలి మొనతో అడుగు చెక్కను పొడిచి చూశాడు. ఉలి సగం దాకా దిగిపోయింది.

"దీనికేం కాలేదు అవ్వా. పైనంత మురికే. చెడ్డది అడుగు చెక్క ఒక్కటే," అన్నాడు. తరవాత నా కేసి తిరిగి, "రంగంటే అంగి అసుంటిది పిలగా. తానం చెయ్యకుండ అంగి తొడుక్కుంటే ఏమైతది?" అని నవ్వాడు.

అతని మాటలో ఎంతో శాస్త్రం ఉన్నది. రంగు చెక్కను పట్టుకోవాలంటే మధ్య జిడ్డూ దుమ్మూ ఉండరాదు. నా రంగు చెక్కను పట్టుకోలేదు, జిడ్డును పట్టుకుంది. అందుకే ఊడివచ్చింది.

మరి అడుగు చెక్క మాత్రమే ఎందుకు చెడింది? టేకు మాను నడిమి భాగాన్ని చేవ అంటారు. అందులో నూనెవంటి పదార్థాలుంటాయి. అవి చెదపురుగులకు గిట్టవు. మాను బయటి వైపు ఉండే తెల్లని భాగానికి ఆ గుణం లేదు. మా అల్మారా అడుగున వేసినది ఆ తెల్ల చెక్క. చెదలు చేవను వదిలి దాన్ని తిన్నాయి.

వడ్లాయన నాలుగు రోజులు పనిచేశాడు. పగిలిన గాజు పెంకు అంచుతో నా రంగంతా గీకేశాడు. అడుగున చేవ చెక్క వేశాడు. వదులైన కీళ్లు బిగించాడు. గరుకు కాగితాన్ని చెక్క ఈనె వెంట మాత్రమే నడిపాడు. అడ్డంగా రుద్దితే చెక్క మీద గీరలు పడతాయట. చివరకు స్పిరిటులో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పలచగా, పూత మీద పూతగా రుద్దాడు. లక్క ఎక్కడిదో తెలుసా? మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు దాన్ని తయారుచేస్తాయి. స్పిరిటు గాలిలోకి ఎగిరిపోయి, లక్క పొర మాత్రం చెక్క మీద నిలుస్తుంది.

ఒక హెచ్చరిక, పిల్లలూ. పాత రంగులను మీరు గీకకండి. వాటిలో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము లోపలికి పోతే పిల్లల మెదడుకు హాని. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017లో గాని అమలుకు రాలేదు.

ఈలోగా గది గోడలకు సున్నం వేశారు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే, అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. మిగిలిన దానిలో నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. అప్పుడు దగ్గరికి పోకూడదు; కంట్లో పడితే చూపే పోవచ్చు. చల్లారిన సున్నం గోడ మీద పూస్తే, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి తీసుకుని, మళ్లీ రాయిలా మారుతుంది. 1591లో కట్టిన చార్మినారు రాళ్లను పట్టి ఉంచినది కూడా సున్నమే. తెల్లదనం తేరటానికి సున్నంలో చిటికెడు నీలిమందు కలిపారు.

అమ్మమ్మ సిరిసిల్ల నుంచి తెచ్చిన తెల్లని నూలుగుడ్డను కిటికీకి తెరగా కట్టాం. ఇప్పుడు ఆ ఊళ్లో మరమగ్గాలే ఎక్కువ. 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం బతుకమ్మ పండుగకు పంచిన చీరలను లక్షలకొద్దీ ఆ మగ్గాల మీదే నేశారు. గదిలోకి వెలుతురు వచ్చింది. అందులో కొత్త వస్తువులు ఎన్ని? ఒక చెక్కా, రెండు గజాల గుడ్డా, అంతే.

ఇక గీతల మాట. వడ్లాయన సన్నని ఉలితో లప్పాన్ని జాగ్రత్తగా తీశాడు. నాలుగు గీతలు బయటపడ్డాయి. అయిదోది, అన్నిటికన్నా కిందిది, లోతులేనిది, నా గరుకు కాగితానికి అరిగిపోయింది.

పండుగ ముందు రోజు చిన్నమామయ్య వచ్చాడు. "అది ఈడ ఉండె," అని అతను ఒకచోటు చూపాడు. "కాదు, ఇంకింత కిందికి," అన్నది అమ్మమ్మ. ఇద్దరి మాటా కలవలేదు. "గీయమంటే నేను గీస్త అవ్వా," అన్నాడు వడ్లాయన.

"వద్దు కొడుకా. ఇప్పుడు గీసింది వాని గీత కాదు," అన్నది అమ్మమ్మ. తరవాత నన్ను పిలిచి అల్మారాకు ఆనించి నిలబెట్టింది. "వీనిదైతే గీయొచ్చు," అన్నది.

ఆ అల్మారా ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మామయ్యవి నాలుగు, నాది ఒకటి, మొత్తం అయిదు గీతలు. కింద కాస్త నున్నగా ఉన్న చోట చెయ్యి తగిలితే నాకు ఈనాటికీ మనసు చివుక్కుమంటుంది.

పిల్లలూ, పాత వస్తువులను బాగుచెయ్యండి, తప్పకుండా చెయ్యండి. ముందు కడగండి. ఏది గట్టిగా ఉన్నదో, ఏది చెడిందో చూడండి. చెడినదాన్ని పెద్దవాళ్లచేత మార్పించండి. రంగు అన్నిటికన్నా ఆఖరున. కాని వీటన్నిటికన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి: "దీని మీద ఈ గుర్తేమిటి?"