రైట్ రైట్

మా నాన్నకి పార్కిన్‌సన్స్ అని తెలిసి ఎనిమిదేళ్ళయింది. వణుకుకి ఇంట్లో అందరం ఎప్పుడో అలవాటుపడిపోయాం. కుడిచెయ్యి వణికితే ఆయన దాన్ని లాల్చీ జేబులో పెట్టేసుకునేవారు. అమ్మ కాఫీ గ్లాసు సగమే నింపి ఇచ్చేది, అంతే. పోయిన ఏడాది నుంచి వచ్చినవి వేరు. ఒకటి ఆగిపోవడం. ఇంకోటి ఊగిపోవడం. రెండూ ఒకే మనిషికి, ఒక్కోసారి ఒకే పూటలో.

ముందు ఆగిపోవడం సంగతి. హాల్లోంచి బాత్రూమ్‌కి బయల్దేరతారు, నాలుగడుగులు బాగానే పడతాయి, గుమ్మం దగ్గరకి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోతాయి. కాళ్ళలో సత్తువ లేక కాదు, నొప్పీ లేదు. నడుం పైభాగం ముందుకి వెళ్తుంది, కాళ్ళు వెనకే ఉండిపోతాయి. పడిపోయే ప్రమాదం సరిగ్గా అప్పుడే. డాక్టర్లు దీన్ని ఫ్రీజింగ్ అంటారు. నాన్న మాటల్లో అయితే, "బుర్ర పొమ్మంటోందిరా, కాళ్ళకి వినపడట్లేదు."

చుట్టాలకి ఇక్కడే అనుమానం వస్తుంది. ఎందుకంటే ఇదే మనిషి మేడమెట్లు పద్నాలుగూ గబగబా ఎక్కేస్తారు. "మెట్లెక్కేవాడికి గుమ్మం దాటడం కష్టమా?" అని మా పెద్దనాన్న మొహమ్మీదే అడిగారు. నటన అనలేదు గానీ ఆ మాట గదిలో తిరిగింది. నిజానికి ఈ జబ్బులో అది మామూలే. సాఫీగా ఉన్న నేల మీద నడక మనం ఆలోచించి చేసే పని కాదు. మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే భాగం ఆ పని చూసుకుంటుంది. దానికి కావలసిన డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతూ ఉంటే, తనంతట తాను జరిగిపోవాల్సిన పని మొరాయిస్తుంది. మెట్టు ఎదురుగా ఉంటే సంగతి వేరు. అది కంటికి కనిపించే గుర్తు. కాలు ఎక్కడ పెట్టాలో బయట నుంచి ఎవరో చెప్పినట్టు, మెదడు ఇంకో దారి పట్టుకుంటుంది. నేల మీద గీతలు గీసినా, తాళం వేసినా అందుకే పనిచేస్తుంది. ఇరుకు గుమ్మం, చీకటి, తొందర, నడుస్తుండగా ఎవరో పలకరించడం, ఇవి దీనికి విరోధులు. మోగుతున్న ఫోను అందుకోబోవడం అన్నిటికంటే చెడ్డది. ఇంట్లో ల్యాండ్‌లైన్ తీయించేశాం.

ఫిజియోథెరపీ ఆయన నేలమీద రంగు టేపు అతికించమన్నారు. అమ్మ తడిగుడ్డ పెట్టేసరికి రెండు రోజుల్లో ఊడొచ్చింది. పెయింటరుని పిలిచి, హాలు నుంచి బాత్రూమ్ దాకా అడుగున్నరకో తెల్లగీత వేయించాం. ఇంటికొచ్చినవాళ్ళు, పిల్లల ఆట కాబోలు అనుకుని తొక్కుడుబిళ్ళ అడుగులు వేస్తారు. నాన్న ఒక్కో గీతనీ దాటుకుంటూ వెళ్తారు. వెనక్కి తిరగడం ఇంకో ఇబ్బంది, ఉన్నచోట గిర్రున తిరిగితే కాళ్ళు మెలికపడతాయి. పెద్ద వలయంలా చుట్టూ తిరిగి రమ్మన్నారు. "డిపోలో బండి తిప్పినట్టు అన్నమాట," అన్నారు నాన్న.

ఆయన ఆర్టీసీలో ముప్ఫై ఒక్కేళ్ళు కండక్టరు. తణుకు, భీమవరం, పాలకొల్లు రోడ్లన్నీ నిలబడి తిరిగిన మనిషి. కదిలే బస్సులో ఏ కమ్మీ పట్టుకోకుండా చిల్లర లెక్కపెట్టేవారు. ఒకరోజు వంటగది గుమ్మంలో ఆగిపోతే, వెనక గిన్నె పట్టుకుని నిలబడ్డ అమ్మ విసుగొచ్చి "రైట్, రైట్" అంది. ఆయనకి నవ్వొచ్చింది, కాలూ కదిలింది. అప్పట్నుంచీ మా ఇంట్లో వైద్యం అదే. ఒక అంకె మీదో ఒక మాట మీదో అడుగు వెయ్యమని ఫిజియో కూడా చెప్పారు గనక శాస్త్రానికి దూరమేం కాదు. అన్నిసార్లూ పనిచెయ్యదు. అమ్మ రెండుసార్లు అన్నా కాలు రాకపోతే నాన్నే "ఓల్డాన్" అంటారు, అంటే కాసేపు వదిలెయ్యమని. అప్పుడు భుజాలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ బరువు మారేలా ఊపుతుంది. ఒక కాలు తేలికవుతుంది, బయల్దేరతారు.

నాకు ఏది తగిలినా దాని మీద పుస్తకం వెతకడం అలవాటు. జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో రాసిన వ్యాసం చదివాను. డెబ్భై పేజీలు కూడా ఉండదు. లండన్‌లో హాక్స్‌టన్ అనే పేటలో వైద్యం చేసుకునే మనిషి. ఆయన ఆధారపడింది ఆరుగురి మీద, అందులో ఇద్దరు వీధిలో ఎదురైనవాళ్ళు, ఒకరినైతే దూరం నుంచి చూశారంతే. పరీక్షలు లేవు, స్కానులు లేవు, కళ్ళు ఉన్నాయి. ఆ దూరం నుంచి చూసిన మనిషి గురించి కొన్ని వాక్యాలే ఉన్నాయి. తనంతట తాను కదల్లేని ఆ పెద్దమనిషికి ఒక పనివాడు ఎదురుగా నిలబడి, భుజాల దగ్గర చేతులుంచి ఆసరా ఇస్తే, ఆయన ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగి నిలకడ తెచ్చుకుని, ఓ మాట అంటాడు. ఈయన పరుగులాంటి నడకతో బయల్దేరతాడు, పనివాడు పక్కకి తప్పుకుని, ముందుకి పరిగెత్తి, పడకుండా పట్టుకోడానికి కాచుకుంటాడు. ఆ పేరా చదివి అమ్మకి తెలుగులో చెప్పాను. "ఆ పనివాడికి ఎవరు నేర్పారు?" అంది. వ్యాసంలో ఆ సంగతి లేదు. ఆలివర్ శాక్స్ 'అవేకెనింగ్స్' (1973) కూడా చదివాను, గొప్ప పుస్తకమే. కానీ అందులో మనుషులు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి, ఒక్క మందుతో లేచి కూర్చుంటారు. మా ఇంట్లో వ్యవహారం అరబిళ్ళల్లో నడుస్తుంది. నాకు పార్కిన్‌సనే దగ్గరగా అనిపించాడు.

మందు కూడా అదే, లెవోడోపా. దారిలో ఖర్చైపోకుండా మెదడు దాకా చేరడానికి కార్బిడోపా కలిపి ఇస్తారు. పప్పు, పెరుగు, గుడ్డు లాంటి మాంసకృత్తులు పేగుల్లో దీనితో పోటీపడతాయి. అందుకని పెసరట్టు పొద్దున్నుంచి రాత్రికి మారింది. అమ్మకి ఇదే అన్నిటికంటే వింత, జబ్బు కాళ్ళకి వస్తే రుబ్బురోలు టైము మార్చుకోవడం. పక్కింటావిడ దూలగొండి గింజల పొడి మంచిదంది. ఆవిడ మాట ఉత్తది కాదు, ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది. అందుకే డాక్టరు వద్దన్నారు. చెంచాలో ఎంతుందో లెక్క తెలియకుండా ఉన్న బిళ్ళ మీద ఇంకో బిళ్ళ వేసుకున్నట్టే కదా.

ఇక ఊగిపోవడం. బిళ్ళ వేసుకున్న గంటకి మెడ, భుజాలు, నడుం మెలికలు తిరగడం మొదలవుతుంది. నీళ్ళలో నాచులా ఉంటుంది చూడ్డానికి. దీన్ని డిస్కినీసియా అంటారు. ఇది జబ్బు ఒక్కటే చేసే పని కాదు, ఏళ్ళ తరబడి వాడిన మందు, ముదిరిన జబ్బు కలిసి చేసేది. మా పిన్ని కొడుకు పెళ్ళిలో నాన్న ముందు వరసలో కూర్చుని అలా ఊగుతుంటే, ఎవరో అమ్మని పక్కకి పిలిచి "బావగారు కొంచెం పుచ్చుకున్నారా?" అని అడిగారు. జన్మలో ముట్టని మనిషి. ఇంటికొచ్చాక అమ్మ చాలాసేపు ఏడ్చింది. బిళ్ళలు తగ్గించమని డాక్టరుని అడగాలని తీర్మానించింది. నాన్న ఏం మాట్లాడలేదు.

మూడు వారాలు నేను ఇంటి నుంచే పనిచేస్తూ ఒక పట్టిక రాశాను. బిళ్ళ ఎప్పుడు, తిండి ఎప్పుడు, ఊగింది ఎప్పుడు, ఆగింది ఎప్పుడు. మా వృత్తిలో లాగు చూడకుండా ఎవరం నోరు తెరవం. పట్టికలో స్పష్టంగానే కనపడింది: ఊగడం బిళ్ళ బాగా పనిచేస్తున్న గంటలో, ఆగడం ఎక్కువగా దాని బలం అయిపోతున్న చివర్లో. అంటే ఒకటి తగ్గిస్తే రెండోది పెరిగే అవకాశం ఉంది.

డాక్టరు పట్టిక చూసి, అమ్మ చెప్పింది అంతా విని, కుర్చీ నాన్న వైపు తిప్పుకుని అడిగారు. "మీకు ఏది కష్టంగా ఉందండీ, ఊగడమా, ఆగడమా?"

నాన్న జవాబు చెప్పడానికి టైము తీసుకున్నారు. ఇప్పుడు గొంతు కూడా చిన్నదైపోయింది. "ఊగుతున్నప్పుడు నాకు పెద్దగా తెలీదండీ. చూసేవాళ్ళకే. అప్పుడు లేచి వెళ్ళగలను, చొక్కా గుండీలు పెట్టుకోగలను. ఆగిపోతే మటుకు... బాత్రూమ్ గుమ్మంలో ఉండిపోతానండి." అమ్మ కిటికీ వైపు చూసింది. ఇంటికొచ్చే దాకా ఆటోలో మేం ముగ్గురం ఆ సంగతి ఎత్తలేదు.

డాక్టరు మొత్తం మోతాదు తగ్గించలేదు. నాలుగుసార్లు వేసేదాన్ని ఆరుసార్లకి విడగొట్టారు, అమాంటడీన్ అని ఇంకో మందు చేర్చారు, మొదట్లో ఫ్లూ కోసం వచ్చిందట అది. ఊగడం సగానికి సగం తగ్గింది. పొద్దున్న తొలి బిళ్ళ పనిచేసే లోపల ఆగడం మాత్రం అలాగే ఉంది. అమ్మ ఐదింటికే అలారం పెట్టి, పడుకుని ఉండగానే బిళ్ళ అందిస్తోంది. మొన్న శ్రావణంలో పేరంటానికి వచ్చినవాళ్ళ ఎదుట నాన్న వాలుకుర్చీలో ఊగుతుంటే, ఒకావిడ అలాగే చూస్తోంది. "మందు పనిచేస్తోందండీ," అని చెప్పి, అమ్మ ఆవిడ పాదాలకి పసుపు రాసింది.

అమ్మ లేనప్పుడు ఎలా అన్నది తేలలేదు. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులు. నా ఫోన్లో మెట్రోనోమ్ పెట్టి ఇచ్చాను, నాన్న దాన్ని పురుగు చప్పుడు అంటారు. అమ్మ గొంతు రికార్డు చేద్దామంటే అమ్మ సిగ్గుపడింది.

వచ్చే నెల మళ్ళీ చూపించాలి. డాక్టరుని అడగాల్సినవి నాన్నే ఒక పాత టైమ్‌టేబుల్ కాగితం వెనక రాసుకున్నారు. అక్షరాలు మొదట్లో కందిగింజంత ఉండి, లైను చివరికి ఆవగింజలైపోతున్నాయి. మొదటిది మెదడు ఆపరేషన్ గురించి. రెండోది, భీమవరం దాకా బస్సులో ఒక్కణ్ణే వెళ్ళొచ్చా అని. మూడోది నాకు చదవడానికి రాలేదు. ఏమిటని అడిగితే, "అది డాక్టరుగారికి," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.