వేలు నాది

మా పాఠశాల వార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసినదని ప్రధానోపాధ్యాయులవారు నన్ను కోరినప్పుడు, ఏటేట వ్రాయునట్లు పఠనాభిరుచిని గూర్చియో, పరిశుభ్రతను గూర్చియో నాలుగు మాటలు వ్రాసి యియ్యదలచితిని. కాని కడచిన వేసవి సెలవులలో మా యింట జరిగిన సంగతి యొకటి నా మనస్సును విడువకున్నది. అందుచే దానినే వ్రాయుచున్నాను.

నాకొక తమ్ముడు కలడు. వానికిప్పుడు 39 సంవత్సరములు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యము గలవాడు. వాని చిన్నతనమున మా నాయనగారు వానిని సికిందరాబాదులో 1984వ సంవత్సరమున స్థాపింపబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థకు తీసికొనిపోయిరి. అచ్చటివారు వానిని ఓపికతో పరీక్షించి, అన్నము తినుట, స్నానము చేయుట, చొక్కా బొత్తాములు పెట్టుకొనుట ఎట్లు నేర్పవలయునో మా యమ్మకు బోధించి పంపిరి. బొత్తాములకే ఎనిమిది నెలలు పట్టెను.

నేను శిక్షణ పొందిన కళాశాలలో మనస్తత్త్వశాస్త్ర గ్రంథమున ఇట్టివారిని గూర్చి యున్నవి రెండే పుటలు. ప్రజ్ఞాలబ్ధి 70కి లోబడినవారు, అందులో మరల తరగతులు. ఫ్రాన్సు దేశమున 1905లో బినే, సైమన్ అనువారు ఆ పరీక్షను తయారుచేసినది ఏ పిల్లలకు అధిక సహాయము కావలయునో కనుగొనుటకే కాని, ముద్ర వేసి మూల కూర్చుండబెట్టుటకు కాదని మా అధ్యాపకురాలు చెప్పగా, నేను చక్కగా వ్రాసికొని, పరీక్షలో వ్రాసి, మార్కులు సంపాదించి, మరచితిని.

మా యూర ఇట్టి యువతీయువకులు తొమ్మండుగురు కలరు. వారి తలిదండ్రులందరు వృద్ధులగుచున్నారు. "మా తరువాత వీరికి దిక్కెవరు?" అను ప్రశ్న ఆ యిండ్లలో ప్రతి రాత్రియు దీపమార్పిన పిమ్మట మేలుకొనియే యుండును. అందుచేత కొందరు పెద్దలు కూడి, పాడుపడియున్న యొక పాత వసతిగృహమును బాగుచేయించి, పగటివేళ పని నేర్పుటకును, ముందుముందు రాత్రులు నివసించుటకును తగిన స్థలముగా చేయ నిశ్చయించిరి. పథకము వ్రాయు పని, ట్రైనింగు చదివినదానను గనుక, నాపై బడెను. నేను వారము దినములు కూర్చుండి పండ్రెండు పుటలు వ్రాసితిని. ఉదయము తొమ్మిదికి గంట, పదింటి నుండి కాగితపు కవర్లు అంటించుట, మధ్యాహ్నము కొవ్వొత్తులు పోయుట, సాయంకాలము వరుసగా నడక. అది అచ్చముగా మన బడి టైముటేబిలే యని ఇప్పుడు తెలియుచున్నది. ఆనాడు దానిని చూచుకొని మురిసితిని.

ఒక సాయంకాలము దానిని మా యమ్మకు చదివి వినిపించుచుంటిని. తమ్ముడు గడపమీద కూర్చుండియుండెను. నేను ముగించుసరికి వాడు, "అక్కా, నేను కవర్లు అంటించను" అనెను.

"ఎందుకురా?"

"బంక. చేతికి బంక."

ముప్పదేండ్లుగా వానికి జిగురు గిట్టదని యెరిగియుండియు నా పండ్రెండు పుటలలో నేను దానిని తలపనైనా తలపలేదు. "సరే, మరి నీకేమి కావలెను?" అని యడిగితిని. తరగతిలో ప్రశ్న వేసి మూడు లెక్కపెట్టులోపల జవాబు రానిచో పక్కవానిని అడుగు అలవాటు మాది. ఆనాడు ఎందులకో నోరు మూసికొని కూర్చుంటిని. చాలసేపు గడచెను. మా యమ్మ లేచి దీపము పెట్టి వచ్చెను. అప్పుడు వాడు తన బొటనవ్రేలు చూపి, "వేలు నాది. డబ్బు అమ్మది" అనెను.

ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 6000 రూపాయలైనది. నెల మొదటి దినమున సచివాలయ ఉద్యోగి యింటికి వచ్చి యంత్రముపై వీనిచేత వేలిముద్ర వేయించుకొని, పైకము మా యమ్మ చేతిలో పెట్టును. అందులో నుండియే బియ్యము, ఆమె చక్కెరవ్యాధి మందులు, కరెంటు బిల్లు. దానిని మేమెవ్వరము తప్పుగా నెంచియుండలేదు. నాకు మొదట కోపమే వచ్చెను. "వానికి డబ్బేల? పది రూపాయల వస్తువుకు నూరు ఇచ్చి వచ్చును" అని మా యమ్మయు కన్నీరు పెట్టుకొనెను. ఆమె భయమును తేలికగా చూడజాలను. అది నిజమైన భయమే.

ఆ రాత్రి నిద్రపట్టక 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమును తెరచి చూచితిని. తమ ఆర్థిక వ్యవహారములను తాము నడుపుకొను హక్కు ఇతరులతో సమానముగా వీరికిని గలదని 13వ ప్రకరణము చెప్పుచున్నది. సంరక్షకుడు అవసరమైన చోటను ఆయన ఒంటిగా నిర్ణయింపరాదనియు, పరస్పర విశ్వాసముతో ఇద్దరును కలసి నిర్ణయింపవలయుననియు 14వ ప్రకరణము. మన దేశము 2007లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికయు, వీరిని గూర్చిన యే యేర్పాటునైనను వీరిని సంప్రదించియే చేయవలెనని విధించుచున్నది. మేము అయిదు సభలు చేసితిమి. ఒక్క సభకైనను తొమ్మండుగురిలో ఒక్కరిని పిలువలేదు.

ఇది క్రొత్త వింత కాదు. 1970లో స్వీడను దేశపు మాల్మో పట్టణమున ఇట్టివారే సభ చేసికొని, తమను ఊరిలో గుంపులుగా త్రిప్పవద్దని కోరిరి. (నా పథకములోని "వరుసగా నడక" చదువరులు మరచియుండరు.) 1974లో అమెరికాలోని సేలం పట్టణమున కూడినవారు తమను ముందు మనుష్యులుగా ఎంచుడని, ఆ మాటనే తమ సంఘమునకు పేరుగా పెట్టుకొనిరి. ఇంగ్లండు ప్రభుత్వము 2001లో వీరి సేవలను గూర్చి ప్రకటించిన పత్రమును సిద్ధపరచుటలో వీరును పాలుగొనిరి. చిన్న వాక్యములతో, బొమ్మలతో అట్టి పత్రములను వీరు చదువుకొనునట్లు అచ్చొత్తించు పద్ధతియు అచ్చట నెలకొన్నది.

ఆరవ సభకు తొమ్మండుగురును వచ్చిరి. "వీరేమి చెప్పుదురమ్మా?" అని ఒక పెద్దాయన నవ్వెను. మా పాఠశాల బాలికలు అట్టలపై గీసిన బొమ్మలను బల్లపై పరచితిమి: మంచము, మేక, టీ దుకాణము, చీపురు, కొవ్వొత్తి, తలుపు. మాటలాడలేని అమ్మాయి యొకతె తలుపు బొమ్మను పట్టుకొని విడువలేదు. ఆమె కోరినది స్నానాల గది తలుపునకు లోపలివైపు గడియ యని గ్రహించుటకు మాకు అరగంట పట్టెను. కొవ్వొత్తిని ఎవరును ముట్టలేదు. కవర్లు మాత్రము ఇద్దరికి ఇష్టమే, కనుక వానిని కొట్టివేయలేదు. ముగ్గురు తాము వేరుగా కూర్చుండక, నలుగురు పనిచేయు చోటనే పని కావలెననిరి. ఆడపిల్లను అట్లు పంపుటకు ఒక తల్లి ఒప్పుకొనలేదు. కూతురు ఆ బొమ్మను మరల మరల తల్లి ఒడిలో పెట్టుచుండెను. ఆ తగవు నేటికిని తీరలేదు. రాత్రి గదుల మాటయు అంతే. తమ్ముడు తన మంచము అమ్మ మంచము ప్రక్కననే యనుచున్నాడు. అమ్మ తరువాత ఎక్కడ అని వానిని అడుగుటకు నాకింకను నోరు రాలేదు.

మా యింట మాత్రము నెలకు 300 రూపాయలు వాని చేతికే యియ్య నిర్ణయించితిమి. మొదటి నెల ఒక్క దినములో టీ దుకాణమున కనబడినవారికెల్ల టీ త్రాగించి వచ్చెను. నేను గట్టిగా మందలించితిని. మా యమ్మ, "మీ నాయన కూడ అంతే" అని ఊరకుండెను.

ఈ నెల ఒకటవ తేదీన నేను ఇంటనే యుంటిని. వాడు యంత్రముపై వేలు పెట్టి, మూడు నూరు నోట్లను లెక్కించుకొని, జేబులో పెట్టి బొత్తాము వేసికొనెను. నన్ను దుకాణమునకు తీసికొనిపోయి రెండు టీలును, నాకొక బన్నును చెప్పి, నోటు తానే తీసి యిచ్చెను. దుకాణదారుడు అలవాటు చొప్పున చిల్లరను నాకందించెను. వాడు ఏమియు అనక తన చేయి చాచి నిలుచుండెను. నేను చిల్లరను వాని చేతిలో పోసితిని.